డాలస్‌లో పూసే ఐరిస్ తిరుత్తణిలో ఎందుకు పూయదు?

మార్చి చివరి వారం నుంచి ఏప్రిల్ దాకా అమెరికాలోని డాలస్ చుట్టుపక్కల చాలా ఇళ్ల ముందు ఒక పువ్వు విరగబూస్తుంది. మూడు రేకులు పైకి నిలబడి ఉంటాయి, మూడు కిందికి వాలి ఉంటాయి. కింది రేకుల నడుమ మెత్తటి నూగు ఉంటుంది. ఊదా, పసుపు, తెలుపు, రాగి, కొన్నిట్లో దాదాపు నలుపు. ఆ నూగును బట్టే దీన్ని బియర్డెడ్ ఐరిస్, అంటే గడ్డం ఉన్న ఐరిస్ అంటారు. తేనెటీగకు లోపలికి దారి చూపించడం ఆ గడ్డం చేసే పని.

డాలస్‌లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల ఫోన్లలోంచి ఆ పువ్వు తిరువళ్లూరుకు, తిరుత్తణికి వస్తుంది. 1960 ఏప్రిల్ 1 దాకా తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లాలోదే. సరిహద్దుల మార్పులో మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. ఇప్పటికీ అక్కడ తెలుగు మాట్లాడే ఇళ్లకు కొదవ లేదు. ఫొటో చూసిన అమ్మో, అత్తగారో అడిగే ప్రశ్న ఒకటే: ‘ఇది మన దగ్గర వస్తుందా?’

మొక్క వస్తుంది, కానీ పువ్వు రాదు. ఒకటి రెండేళ్లు ఆకులు వేసి, ఏదో ఒక వానాకాలంలో కుళ్లిపోతుంది. కారణం చాలామంది అనుకునేది కాదు. అందుకే కొంచెం నెమ్మదిగా చూద్దాం.

మొదట ఎండ సంగతి. తిరుత్తణిలో మే నెలలో 42, 43 డిగ్రీలు తరచూ నమోదవుతాయి. తమిళనాడులో బాగా కాగే ఊళ్ల జాబితా వేస్తే అందులో తిరుత్తణి పేరు ఉంటుంది. కాబట్టి ‘మన ఎండకు తట్టుకోలేదు’ అనేస్తాం. కానీ డాలస్‌లో కూడా జూలై, ఆగస్టుల్లో 40 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. అక్కడ ఐరిస్ చావదు. ఎండాకాలమంతా ఎదుగుదల ఆపి, నేలపై ముడుచుకుని ఉంటుంది. ఎడారి నడుమ ఉన్న ఫీనిక్స్ నగరంలో 45 డిగ్రీలు కాస్తుంది, అక్కడా దీన్ని పెంచుతారు. అంటే ఎండ ఒక్కటే దోషి కాదు.

అదే టెక్సాస్‌లో, డాలస్‌కు నాలుగు వందల కిలోమీటర్ల లోపే హ్యూస్టన్ ఉంది. అక్కడ ఎండలు డాలస్ కంటే ఎక్కువేమీ కావు. అయినా అక్కడి తోటమాలులకు బియర్డెడ్ ఐరిస్ కష్టమైన మొక్క. రెండు ఊళ్లకూ తేడా ఎక్కడుంది? హ్యూస్టన్ సముద్ర తీరానికి దగ్గర. చలికాలం మెత్తగా గడిచిపోతుంది. గాలిలో తేమ ఎక్కువ, వాన ఎక్కువ. ఈ వర్ణన విన్న చెన్నై చుట్టుపక్కలవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. చలికాలం మెత్తగా ఉండే విషయంలో తిరుత్తణి హ్యూస్టన్‌ను ఇంకా చాలా దూరం దాటిపోయిన ఊరు.

ఇక మొక్క లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఐరిస్‌కు నేలమట్టంలో అడ్డంగా పాకే లావుపాటి కాండం ఉంటుంది. వృక్షశాస్త్రంలో దీన్ని రైజోమ్ (నేలలో అడ్డంగా పెరిగే కాండం) అంటారు. మన వాడుకలో కొమ్ము. పసుపు కొమ్ము చూసినవాళ్లకు దీని తీరు కొత్తగా ఉండదు. అవే కణుపులు, పక్కల నుంచి పుట్టే అవే పిల్లకొమ్ములు. పోలిక అక్కడితో ఆగిపోతుంది. ఎందుకు ఆగిపోతుందో నాటే సంగతి వచ్చినప్పుడు చెబుతాను.

కొమ్ము కొనలో ఒక ఎదుగు మొగ్గ ఉంటుంది. అది వరుసగా ఆకులు పుట్టిస్తూ పోతుంది. ఎప్పుడో ఒకప్పుడు ఆకులు ఆపి పూకాడ పుట్టించాలి. ఆ మలుపు తిరగడానికి దానికి ఒక సంకేతం కావాలి. ఆ సంకేతం చలి. కొన్ని వారాల పాటు ఉష్ణోగ్రత పది డిగ్రీల దిగువకు పడితేనే ఆ మొగ్గ పూతకు సిద్ధమవుతుంది. దీన్ని వెర్నలైజేషన్ (చలి సోకిన తరువాతే పూతకు రావడం) అంటారు. కొన్ని గోధుమ రకాల్లో కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది.

మొక్కకు ఈ నియమం ఎందుకు? బియర్డెడ్ ఐరిస్‌ల పూర్వీకులు దక్షిణ ఐరోపా, పశ్చిమాసియా కొండల్లో పుట్టినవి. అక్కడ శరదృతువులో నాలుగు రోజులు వెచ్చగా ఉందని పూత వేస్తే, వెనకే వచ్చే మంచుకు పూకాడ మాడిపోతుంది. విత్తనం పడదు. అందుకని చలికాలం వచ్చి వెళ్లిందన్న రుజువు దొరికేదాకా ఆగే మొక్కలే అక్కడ మిగిలాయి. ఎన్ని చల్లటి రోజులు గడిచాయో కొమ్ము లెక్క పెట్టుకుంటుంది. లెక్క నిండితే పూస్తుంది.

తిరుత్తణిలో ఆ లెక్క మొదలే కాదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో కూడా ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. మార్గశిరంలో తెల్లవారుజామున మనకు చలిగా అనిపించేది ఐరిస్‌కు ఆహ్లాదకరమైన వసంతం. ఆకులు వేస్తూనే ఉంటుంది. ఎరువు వేస్తే ఇంకా పచ్చగా వేస్తుంది. పూకాడ మాత్రం పుట్టదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. మొక్క ఆరోగ్యంగా ఉందిగా, వచ్చే ఏడు పూస్తుందిలే అనుకుంటారు.

రెండో చిక్కు రాత్రి వేడి. పగలు ఆకు తయారుచేసిన చక్కెరలో కొంత రాత్రి శ్వాసకు ఖర్చవుతుంది. రాత్రి ఎంత వెచ్చగా ఉంటే ఖర్చు అంత ఎక్కువ. చల్లటి రాత్రులకు అలవాటుపడిన మొక్క మిగులును కొమ్ములో దాచుకుంటుంది. మన ఎండాకాలపు రాత్రుల్లో ఆ మిగులు తగ్గిపోతుంది. కొమ్ము ఏటికేడు సన్నబడుతుంది. చలి అవసరం తక్కువగా ఉన్న రకం తెచ్చినా ఈ నష్టం తప్పదు.

మూడోది వాన. ఐరిస్ పుట్టిన చోట్ల చలికాలంలో వాన, ఎండాకాలంలో పొడి. కొమ్ము నిద్రపోయే నెలల్లో నేల ఎండి ఉంటుంది. తిరువళ్లూరు జిల్లాలో జూలై నుంచే జల్లులు మొదలవుతాయి. ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అంటే అక్కడివాళ్లు ఐప్పశి, కార్తిగ అనే నెలల్లో, ఏడాది వానలో పెద్ద భాగం కురుస్తుంది. ఆ వాన వెచ్చటి నేల మీద పడుతుంది. కొమ్మును కుళ్లబెట్టే బ్యాక్టీరియాకు తడి కావాలి, పాతిక నుంచి ముప్ఫై డిగ్రీల వేడి కావాలి. మన వానాకాలం రెండూ ఇస్తుంది. చిన్న గాయం దొరికితే చాలు, లోపల మెత్తబడి, ముద్దయి, వాసన వేస్తుంది. లాగితే ఆకులు చేతికి ఊడి వస్తాయి.

ఫ్రిజ్‌లో పెట్టి చలి చూపించవచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. ప్రశ్న తెలివైనదే. తులిప్ గడ్డలను అలాగే మోసగించి వెచ్చటి ఊళ్లలో ఒకసారి పూయిస్తారు. పూలదుకాణాల్లో నీలిరంగు కాడలుగా కనిపించే డచ్ ఐరిస్‌ను కూడా గడ్డకు చలి చూపించే పూతకు తెస్తారు. అది గడ్డ నుంచి వచ్చే వేరే జాతి, దానికి గడ్డం ఉండదు. బియర్డెడ్ ఐరిస్ కొమ్ము ఆ గడ్డల మాదిరి పూర్తిగా నిద్రపోయేది కాదు. వారాల తరబడి చీకట్లో ఉంచితే నీరసిస్తుంది, బూజు పడుతుంది. ఒకవేళ ఒకసారి పూసినా ఏటా తవ్వి, ఏటా ఫ్రిజ్‌లో పెట్టాలి. మిగిలిన రెండు చిక్కులు అలాగే ఉంటాయి. నా లెక్కలో ఇది గిట్టే పని కాదు.

ఇక్కడ రెండు హెచ్చరికలు. ఒకటి, ఆన్‌లైన్ అంగళ్లలో ‘రంగురంగుల ఐరిస్ విత్తనాలు’ అని అమ్ముతుంటారు. ఫొటోలో ప్రకృతిలో లేని రంగులు కూడా ఉంటాయి. నిజంగా ఐరిస్ విత్తనమే అయినా అది మొలకెత్తడానికి కూడా తడితో కూడిన చలి కావాలి. మొలిచాక పూతకు రెండు మూడేళ్లు పడుతుంది. సంకర రకాల విత్తనం తల్లి రంగును ఇవ్వదు. అందుకే ఐరిస్ పెంచేవాళ్లు ఎక్కడైనా కొమ్మునే పంచుకుంటారు. కొత్త రకాలు సృష్టించే పనిలో ఉన్నవాళ్లే విత్తనం జోలికి వెళతారు.

రెండోది ఇంకా ముఖ్యం. పిల్లల దగ్గర నుంచి తిరిగి వస్తూ నాలుగు కొమ్ములు సూట్‌కేసులో పెట్టుకురావడం మామూలు విషయంలా అనిపిస్తుంది. అది చట్టవిరుద్ధం. నాటడానికి పనికొచ్చే ఏ మొక్క భాగమైనా దేశంలోకి రావాలంటే దిగుమతి అనుమతి, ఎగుమతి దేశం ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలని 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు చెబుతుంది. ఇది కాగితాల కోసం పెట్టిన నియమం కాదు. అమెరికా తూర్పు, మధ్య ప్రాంతాల్లో ఐరిస్ బోరర్ అనే పురుగు ఉంది. గుడ్డు ఎండాకుల మీద ఉంటుంది, పిల్లపురుగు ఆకులోకి దూరి కొమ్ముదాకా తొలుచుకుంటూ పోతుంది. కొమ్ముకు అంటుకున్న మట్టిలో కంటికి కనిపించని నులిపురుగులు ఉండవచ్చు. మన ఐరిస్ ఎలాగూ చస్తుంది. దాంతో వచ్చినవి చావకపోవచ్చు, వాటికి మన అల్లం, పసుపు పాదులు దొరకవచ్చు.

అమెరికా వెళ్లే తల్లిదండ్రులు మాత్రం ఈ మొక్క గురించి తెలుసుకోవాలి. ఆరు నెలలు ఉండివచ్చేవాళ్లు చాలామంది ఎండాకాలంలోనే వెళతారు. పెరటి పని వాళ్ల చేతికే వస్తుంది. ఐరిస్‌కు అసలు పని పడేది కూడా అప్పుడే. మన చేతి అలవాట్లు ఆ మొక్కకు సరిగ్గా తలకిందులు.

పసుపును మనం మట్టిలో పూడ్చి, పైన కప్పి, తడి ఆరకుండా చూస్తాం. ఐరిస్ కొమ్మును అలా చేస్తే కుళ్లుతుంది. దాని వీపు ఎండకు కనపడాలి. చిన్న మట్టిదిబ్బ చేసి, దాని మీద కొమ్మును పడుకోబెట్టి, వేళ్లను రెండు పక్కలా కిందికి దించి, వేళ్ల మీద మట్టి నొక్కాలి. కొమ్ము పైభాగం నేల పైకి తేలి ఉండాలి. బాగా వేడి ఊళ్లలో పైన పలుచగా మట్టి జల్లుతారు, అంతకు మించి కాదు. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ పడాలి. నీరు నిలవని చోటు కావాలి. మొక్కకూ మొక్కకూ అడుగు నుంచి అడుగున్నర దూరం ఉంచాలి. గాలి ఆడకపోతే ఆకులకు మచ్చతెగులు వస్తుంది.

నాటిన కొత్తలో వేళ్లు పట్టేదాకా తడి ఇవ్వాలి. ఆ తరువాత చెయ్యి కట్టుకుని కూర్చోవాలి. రోజూ సాయంత్రం పైపు పట్టుకుని అన్ని మొక్కలతో పాటు దీనికీ నీళ్లు పోయడమే మనవాళ్లు చేసే పెద్ద తప్పు. ఎండాకాలంలో ఆకు చివర్లు ఎండితే అది దాహం కాదు, నిద్ర. ఎరువులో కూడా అంతే. నత్రజని ఎక్కువైతే ఆకు బలుస్తుంది, కణజాలం మెత్తబడుతుంది, కుళ్లు సులువుగా పడుతుంది. వసంతం మొదట్లో భాస్వరం ఎక్కువగా ఉన్న ఎరువు కొంచెం, కొమ్ముకు తగలకుండా చుట్టూ వేస్తే చాలు. చెక్కపొట్టు కప్పడం అక్కడి అలవాటు. ఐరిస్ దగ్గరికి దాన్ని రానివ్వకూడదు.

ఒకసారి పూసిన కొమ్ము మళ్లీ పూయదు. దాని పక్కలకు పుట్టిన పిల్లకొమ్ములు పూస్తాయి. అవి కూడా పిలకలు వేస్తాయి. మూడు నాలుగేళ్లకు గుబురు ఇరుకై, నడుమ అంతా పూయని ముసలి కొమ్ములే మిగులుతాయి. అప్పుడు జూలై నుంచి సెప్టెంబరు లోపు తవ్వి తీసి, పిల్లకొమ్ములను విరిచి, ముసలివి పారేసి, ఆకులను జానెడు ఉంచి కోసి, కోత ఆరాక మళ్లీ నాటాలి. మెత్తబడిన భాగం కనిపిస్తే చెంచాతో గట్టి కండ వచ్చేదాకా గీకి ఒకరోజు ఎండలో పెడితే చాలాసార్లు బతుకుతుంది. కొమ్ము రసం కొందరికి చర్మం మీద దురద పెడుతుంది, లోపలికి వెళితే వాంతులవుతాయి. చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో తవ్విన కొమ్ములను చేతికందే చోట వదలకండి.

ఒక్కో పువ్వు రెండు మూడు రోజులే ఉంటుంది. కాడకు అనేక మొగ్గలు కాబట్టి రెండు వారాలు గడుస్తుంది. రేకు పలుచన, ముట్టుకుంటే నలుగుతుంది. ఆడికృత్తిక పండుగకు పూలకావళ్లు కొండెక్కే తిరుత్తణిలో, పువ్వును మూరల్లో కొలిచే ఊళ్లో, దండకు పనికిరాని పువ్వుకు ఎంత విలువ ఇస్తారన్నది వేరే ప్రశ్న.

మన దేశంలో ఇది అసలే లేదని కాదు. కశ్మీరులో శ్మశానాల నిండా ఉంది. సమాధుల మీద ఐరిస్ నాటడం అక్కడ పాత ఆచారం. తెల్లటి, లేత ఊదా పూలు వసంతంలో ఎవరూ నీళ్లు పోయకుండానే పూస్తాయి. అరేబియా ద్వీపకల్పంలో పుట్టిన తెల్ల ఐరిస్ ఒకటి ఇలాగే ముస్లిం శ్మశానాల వెంట మధ్యధరా తీరమంతా పాకింది. దాని శాస్త్రీయ నామం ఐరిస్ ఆల్బికాన్స్. టెక్సాస్‌లో పాత శ్మశానాల్లోనూ అదే కనిపిస్తుంది. విత్తనం పట్టని మొక్క అది. మనుషులు కొమ్ము విరిచి నాటితేనే ఇంత దూరం వచ్చింది. గడ్డం ఉన్నవాటిలో వెచ్చదనాన్ని కాస్త ఓర్చుకునేది ఇదే. దక్షిణాదిలో పట్టుబట్టి ప్రయత్నించేవాళ్లకు నేను సూచించగలిగింది కూడా ఇదొక్కటే. అదీ వాన పడని పంచ కింద, ఇసుక ఎక్కువ కలిపిన కుండీలో.

తెలుగు నేల మీద చలి లెక్క నిండే చోట్లు కొన్ని ఉన్నాయి. లంబసింగి, చింతపల్లి ప్రాంతంలో చలికాలపు ఉష్ణోగ్రత పది డిగ్రీల దిగువకు పడుతుంది. అదిలాబాద్‌లో కూడా అలాంటి రాత్రులు వస్తాయి. తమిళనాడులో ఊటీ, కొడైకెనాల్ ఉన్నాయి. అయితే ఈ నాలుగు చోట్లా వానాకాలం గండమే. ఎత్తు మడి కట్టి, నీరు జారిపోయేలా గులకరాయి కలిపి, వాన నెలల్లో పైన కప్పు వేయగలిగినవాళ్లే దిగాలి. ఊటీ నేలల్లో పులుపు ఎక్కువ, అక్కడ సున్నం కూడా వేయాలి.

మరి తిరుత్తణి, తిరువళ్లూరు పెరట్లో ఏం వేయాలి?

ఐరిస్ అనే పేరే కావాలంటే దానికీ దారి ఉంది. నర్సరీల్లో లెపర్డ్ లిల్లీ పేరుతో అమ్మే బెలంకాండ తీసుకోండి. నారింజ రంగు రేకుల మీద ఎర్రటి చుక్కలు. కాయ పగిలితే నల్లటి మెరిసే గింజల గుత్తి. దీన్ని రెండు శతాబ్దాలకు పైగా వేరే ప్రజాతిగా చూశారు. జన్యు పరీక్షల్లో ఇది ఐరిస్‌లలో ఒకటేనని తేలి, 2005లో ఐరిస్ డొమెస్టికా అని పేరు మార్చారు. దీనికి చలి లెక్క లేదు. ఎండ ఉంటే చాలు, గింజ నుంచి కూడా తేలిగ్గా వస్తుంది. అంటే శాస్త్రం ప్రకారం అసలైన ఐరిస్ తిరుత్తణిలో పూస్తుంది, గడ్డం లేదంతే.

నీడ ఉన్న చోటుకు వాకింగ్ ఐరిస్ బాగుంటుంది. బ్రెజిల్ మొక్క, ఐరిస్‌కు చుట్టం. తెలుపు, నీలం పువ్వు ఒక్కరోజే ఉంటుంది. పూసిన కాడ చివర పిల్లమొక్క పుట్టి, బరువుకు వంగి నేలను తాకి వేళ్లు వేస్తుంది. అలా అడుగులు వేస్తూ పోతుందని ఆ పేరు. హ్యూస్టన్‌వాళ్లు బియర్డెడ్ ఐరిస్ బదులు పెంచుకునే లూసియానా ఐరిస్ కూడా మన బంకమట్టికి, నీరు నిలిచే మూలకు సరిపడే స్వభావం ఉన్నదే. మన నర్సరీల్లో అరుదు. మెట్టతామర, నేలసంపెంగ సంగతి మీకు చెప్పనక్కర్లేదు.

కానీ కావలసింది నీలం రంగే అయితే, కొమ్ము నుంచి లేచే నీలి పువ్వే అయితే, ఆ ఊరికి దాని సొంత పువ్వు ఉంది. తిరుత్తణి స్థలపురాణం ప్రకారం ఇంద్రుడు కొండ మీద ఒక కొలనులో నల్లకలువ నాటి, రోజుకు మూడు పూలతో సుబ్రహ్మణ్యస్వామిని పూజించాడు. తమిళంలో దాన్ని కరుంకువళై అంటారు. వృక్షశాస్త్రంలో నింఫియా నౌచాలి. శ్రీలంక జాతీయ పుష్పం కూడా ఇదే.

నల్లకలువ పంచాంగం మన వానలను బట్టి రాసింది. వర్షాధారపు చెరువుల్లో పుట్టే మొక్క. చెరువు నిండితే ఆకు పైకి వస్తుంది. ఎండాకాలంలో అడుగు పగిలినా దుంప బురదలో ప్రాణం నిలుపుకుంటుంది. మళ్లీ నీరు వస్తే లేస్తుంది. చలి కోసం ఎదురుచూసే పని లేదు. ఐరిస్‌ను చంపిన వెచ్చటి తడే దీనికి ఆహారం.

పెంచడం కష్టం కాదు. రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న సిమెంటు తొట్టి చాలు. నల్లటి ప్లాస్టిక్ టబ్బు వద్దు, మే నెలలో అందులో నీళ్లు కాగిపోతాయి. అడుగున అరడుగు మందాన బంకమట్టి వేయాలి. చెరువు మట్టి అయితే ఇంకా మంచిది. కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలిపిన కుండీ మిశ్రమం మాత్రం వాడకూడదు. పొట్టు తేలిపోతుంది, కంపోస్టు నీటిని పచ్చగా మార్చి నాచు పెంచుతుంది. దుంపను మట్టిలో నాటి, మొలక మొదలు పైకి కనిపించేలా ఉంచి, మట్టి మీద ఒక పొర ఇసుక పరచాలి. మొదట నాలుగంగుళాల నీళ్లే పోయాలి. ఆకుకాడ నీటి లోతును బట్టి సాగుతుంది కాబట్టి ఆకులు తేలుతున్నకొద్దీ మట్టం పెంచుకుంటూ అడుగుదాకా తీసుకెళ్లవచ్చు.

ఆకు గాలి పీల్చే రంధ్రాలు పైవైపున ఉంటాయి. కాబట్టి ఆకుల మీద దుమ్ము, నూనె పేరుకోకుండా చూడాలి. రోజుకు ఐదారు గంటల ఎండ పడాలి. పండిన ఆకులను కాడతో సహా కోసేయాలి, లేకపోతే నీటిలో కుళ్లుతాయి. ఎండాకాలంలో ఆవిరైన నీటిని సాయంత్రాలు నింపాలి.

పువ్వు పొద్దెక్కాక విచ్చి, మధ్యాహ్నం దాటాక ముడుచుకుంటుంది. ఇలా మూడు నాలుగు రోజులు. మొదటి రోజు పువ్వు నడుమ ఒక ద్రవం ఊరి ఉంటుంది. వేరే పువ్వు పుప్పొడి మోసుకొచ్చిన పురుగు అందులోకి జారితే ఆ పుప్పొడి కడుక్కుపోయి కీలాగ్రానికి చేరుతుంది. పురుగు ఒక్కోసారి మునిగి చస్తుంది కూడా. రెండో రోజు నుంచి ద్రవం ఉండదు, పువ్వు తన పుప్పొడిని ఇస్తుంది. తొట్టి పక్కన ఓపిగ్గా కూర్చుంటే ఇదంతా కంటికి కనిపిస్తుంది.

దోమల సంగతి మరవకూడదు. డెంగీ దోమ నిలవ ఉన్న మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది, కలువతొట్టి దానికి అనువైన చోటు. నాలుగైదు గప్పీ చేపలు వదిలితే పిల్లదోమలను తినేస్తాయి. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లయితే ఒకరోజు బయట ఉంచి పోయాలి. చేపలు లేకుండా తొట్టి పెట్టకండి.

దుంప కోసం చెరువులోకి దిగకండి. తిరువళ్లూరు జిల్లాలో చెరువులు కట్టడాలకు, ఆక్రమణలకు చిక్కి తగ్గుతున్నాయి, వాటిలో మిగిలిన కలువను అక్కడే ఉండనివ్వండి. నర్సరీలో అడగండి, లేదా తొట్టి ఉన్న పొరుగింట్లో ఒక పిల్లదుంప అడగండి. అడిగేటప్పుడు పగలు పూసేదే కావాలని చెప్పండి. ఎర్ర కలువ, తెల్ల కలువ చాలావరకు రాత్రి విచ్చి పొద్దెక్కేసరికి ముడుచుకునే రకాలు.